నెలకెంత మిగుల్తాది?

అనంతపురం జిల్లా కణేకల్‌లో ఎవరి కొడుకో కువైట్‌కు పోతున్నాడంటే టీకొట్టు దగ్గర మొదట పడే మాట ఒక్కటే. "నెలకెంతంటప్పా?" జవాబు దినార్లలో వస్తుంది. వినేవాళ్లలో ఎవరో ఒకరు చిటికెలో దాన్ని రూపాయల్లోకి మారుస్తారు. ముప్పై వేలని తేలుతుంది, బాగానే ఉందని తల ఊపుతారు. లెక్క అక్కడితో అయిపోతుంది. ఇదే మనుషులు ఎకరా వేరుశనగ వేయాలంటే విత్తనం, దుక్కి, ఎరువు, కలుపు కూలి, మందు, కోత, బండి బాడుగ అన్నీ వరసగా వేళ్ల మీద చెప్తారు. పెట్టుబడి పోను చేతికి ఎంతొస్తుందో తేలందే అప్పుకు పోరు. రెండేళ్లు సముద్రం అవతల గడపబోయే కొడుకు విషయంలో మాత్రం దిగుబడి ఒక్కటే అడుగుతున్నారు. పెట్టుబడి ఎంతో ఎవరూ అడగడం లేదు.

ఈ వ్యాసం ఆ పెట్టుబడి గురించే.

కణేకల్‌ను చూస్తే వలసపోవాల్సిన ఊరిలా అనిపించదు. తుంగభద్ర ఎగువ కాలువ, మనవాళ్ల మాటలో హెచ్చెల్సీ, ఈ మండలంలోకి నీళ్లు తెస్తుంది. కాలువ కింద వరి పచ్చగా ఉంటుంది. కొద్ది దూరం నడిస్తే కథ మారిపోతుంది. హగరి ఒడ్డున, బొమ్మనహాళ్ వైపు, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పొలాల మీద మేటలు వేసింది. రాష్ట్రంలో ఎడారి ఎలా పుడుతుందో చూడాలంటే అధికారులు, పరిశోధకులు ఇక్కడికే వస్తారు. కాలువను నమ్ముకున్నవాళ్లకైనా నిశ్చింత లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు కొట్టుకుపోయింది. ఎక్కడో హోస్పేట దగ్గర గొలుసు తెగితే ఇక్కడి రైతుకు నిద్ర పట్టలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో, ఇంట్లో ఒకరు బయట సంపాదిస్తేనే మిగతావాళ్లు సేద్యం మీద నిలబడగలరన్నది అందరూ ఒప్పుకున్న సత్యం.

ఇక్కడి నుంచి మొదటి అడుగు ఎప్పుడూ బళ్లారికే. కణేకల్ ఉన్న రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోదే కాబట్టి అది పరాయి ఊరని ఎవరికీ తోచదు. తర్వాతి అడుగు బెంగళూరు. గల్ఫ్ బాట ఇక్కడ రాయచోటి, రాజంపేటల్లో ఉన్నంత వెడల్పు కాదు. అక్కడ కువైట్ డబ్బుతో వీధులకు వీధులే లేచాయి. ఆ ఇళ్లు చూసొచ్చినవాళ్లకు ఒక పక్కా ఉదాహరణ కళ్ల ముందుంటుంది. తిరిగొచ్చి అప్పు తీరక మళ్లీ పోయినవాళ్ల ఇల్లు మాత్రం ఎవరి కంటా పడదు, ఎందుకంటే అది కట్టనే లేదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, నేను వేసుకున్న అంకెలే. మీ ఇంటి అంకెలు వేరైతే మార్చుకోండి. జీతం 100 దినార్లు. దినారు 280 రూపాయలనుకుంటే 28,000. గది కంపెనీది, తిండి మనదే. తిండికి, ఫోనుకు, సబ్బుకు, శుక్రవారం బస్సుకు కలిపి 30 దినార్లు పోతాయి. మిగిలింది 70 దినార్లు, అంటే 19,600 రూపాయలు. ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలకు, ముసలోళ్ల మందులకు నెలకు 10,000 పంపక తప్పదు. అప్పు తీర్చడానికి మిగిలేది 9,600.

ఇప్పుడు అప్పు. వీసాకు, టికెట్‌కు, మధ్యవర్తికి కలిపి లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. మొదటి నెల వడ్డీయే 3,000. ఆ 9,600ను నెల తప్పకుండా కట్టి, కట్టిన ప్రతి రూపాయీ అసలులో జమ అవుతూ వచ్చినా అప్పు తీరడానికి 19 నెలలు పడుతుంది. ఊళ్లో అంత నిక్కచ్చిగా జమ వేసే సావుకారు దొరకడం కూడా కష్టమే. రెండేళ్ల ఒప్పందంలో తనకంటూ దక్కేది చివరి అయిదు నెలలే. అంటే 48,000 రూపాయలు.

అదే మనిషి, అదే జీతం, అదే గది. కానీ లైసెన్సున్న ఏజెంటు ద్వారా వెళ్లాడనుకోండి. వలస చట్టం నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు మించకూడదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. పాస్‌పోర్టు, వైద్య పరీక్షలు, బొంబాయి ప్రయాణం కలిసి అప్పు 50,000 అయిందనుకుందాం. ఆరు నెలల్లో తీరిపోతుంది. మిగతా 18 నెలల్లో 1,72,800 రూపాయలు ఇంటికి చేరతాయి. జీతం ఒక్క దినారు కూడా పెరగలేదు. తేడా అంతా విమానం ఎక్కకముందే నిర్ణయమైపోయింది.

ఈ లెక్కలో ఇంకొకటి కలపాలి, అందరూ వదిలేసేది. కువైట్‌కు పోకపోతే ఆ కుర్రాడు ఖాళీగా కూర్చునేవాడు కాదు. బెంగళూరులో రోజుకు 700 వచ్చే పని నెలకు 25 రోజులు దొరికిందనుకుందాం. 17,500 వస్తుంది. గదికి, తిండికి 7,000 పోతే 10,500 మిగులు. కువైట్‌లో మిగులు 19,600. అంటే కువైట్ నిజంగా అదనంగా ఇచ్చేది నెలకు 28,000 కాదు, 9,100. రెండేళ్లకు 2,18,400. లక్షన్నర అప్పుకు అసలు, వడ్డీ కలిసి సుమారు 1,81,000 పోతుంది. అది తీసేస్తే రెండేళ్ల దూరానికి దక్కే అసలు లాభం 37,000 చిల్లర. నెలకు 1,500 రూపాయలు. పండగకు ఇంటికి రాలేని, తండ్రికి జబ్బు చేస్తే చూడలేని రెండేళ్లకు నెలకు 1,500. యాభై వేల అప్పుతో పోయినవాడికి ఇదే లెక్కలో నెలకు దాదాపు 6,900 వస్తుంది. పోవడం తప్పని నేననను. ఈ రెండు అంకెలూ చూసుకోకుండా పోవడం మాత్రం తప్పు.

ఇంతకంటే ప్రమాదమైన దారి ఆజాద్ వీసా. పేరుకు ఒక కఫీల్, అంటే అక్కడి పూచీదారు, ఉంటాడు, పని మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ. స్వేచ్ఛ ఉందని చెప్తారు. ఆ స్వేచ్ఛకు అకామా, అంటే నివాస అనుమతి, కొత్తది చేయించుకునే ఖర్చు, కఫీల్‌కు కట్టే మామూలు రెండూ కార్మికుడి జేబులోంచే పోతాయి. పని దొరకని నెల ఆదాయం సున్నా, ఖర్చు మాత్రం ఆగదు. పట్టుబడితే అక్రమంగా ఉన్నట్టే. ఇళ్లలో పనికి ఇచ్చే 20 నంబరు వీసా మీద పోయి బయట కంపెనీ పని చేసినా అంతే. కంపెనీ పనికి 18 నంబరు కావాలి. వీసా మీదున్న ఆ రెండు అంకెలు జీతం కంటే ముందు చదవాల్సినవి.

వెళ్లే చోట ఖర్చును కూడా చట్టమే లెక్కగట్టిన దేశం ఒకటి ఉంది. ఖతార్‌లో 2021 మార్చి 20 నుంచి అందరికీ వర్తించే కనీస వేతనం 1,000 రియాళ్లు. యజమాని గది ఇవ్వకపోతే దానికి 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. అంటే గదీ తిండీ లేని 1,000 రియాళ్ల ఒప్పందం అక్కడ చట్టవిరుద్ధం. మనవాళ్లు ఏ దేశానికి పోతున్నా ఈ 1,000, 500, 300ల విడదీతను గుర్తుంచుకుంటే ఏజెంటును అడగాల్సిన మూడు ప్రశ్నలు వాటంతటవే తెలుస్తాయి.

"గల్ఫ్‌లో పన్నులుండవు" అనేది ఇంకో సగం నిజం. జీతం మీద పన్ను లేదు. కొనే సరుకు మీద ఉంది. సౌదీ 2018లో 5 శాతం వ్యాట్ మొదలుపెట్టి, 2020 జులైలో దాన్ని 15 శాతానికి పెంచింది. పెళ్లాం బిడ్డలను తెచ్చుకున్నవాళ్ల మీద 2017 జులైలో మనిషికి నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టి, ఏటా వంద చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు 1,200 రియాళ్లు. అప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు పిల్లల బడి సంవత్సరం మధ్యలోనే సామాను కట్టుకుని తిరిగొచ్చాయి. కువైట్ 2024 జనవరిలో కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు కనీసం 800 దినార్ల జీతం ఉండాలంది. మన లెక్కలోని 100 దినార్ల మనిషికి ఆ తలుపు లేనట్టే. కాబట్టి అతనికి ఎప్పుడూ రెండు పొయ్యిల ఖర్చే, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ.

నన్ను బాగా కుదిపిన లెక్క ఇంకొకటుంది. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు కనీస జీతం 60 దినార్లని 2016లో నిర్ణయించారు. అప్పుడు దినారు 220 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 60 దినార్లంటే 13,200. 2025లో దినారు 280 దాటింది. అదే 60 దినార్లు 16,800 అయ్యాయి. పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగింది జీతం కాదు, తగ్గింది రూపాయి. అదే కాలంలో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 194 నుంచి 307కు చేరింది, అంటే ఒకటిన్నర రెట్లు దాటింది. దినారు జీతం రూపాయల్లో పాతిక శాతం చిల్లరే పెరిగింది. ఉపాధి పనితో ఇల్లు గడుస్తుందని కాదు. పదేళ్ల కిందట మేనమామ పోయినప్పుడు కువైట్ జీతానికీ ఊరి కూలికీ ఉన్న అంతరం ఇప్పుడు లేదు. ఇంట్లో మాత్రం మేనమామ లెక్కనే నేటికీ నమ్ముతున్నారు.

ఆడవాళ్ల లెక్క పైకి ఇంకా బాగుంటుంది. ఇంటిపనికి పోయే అక్కకు గది, తిండి ఆ ఇంట్లోనే. జీతం మొత్తం మిగులే. రాయలసీమ నుంచి కువైట్‌కు పోయినవాళ్లలో వీళ్ల సంఖ్య చాలా పెద్దది. ఎన్నో అప్పులు తీర్చింది, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది వాళ్ల చేతులే. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది, వారానికో సెలవు ఇవ్వాలంటుంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదంటుంది. తలుపు వేసిన ఇంట్లో ఆ చట్టం ఎంత అమలవుతుందో అడిగేవాళ్లుండరు. ఈ లెక్కలో ఖర్చు రూపాయల్లో రాదు. మూడేళ్ల బిడ్డను అవ్వ దగ్గర వదిలిపోతే ఆ బిడ్డ అమ్మను ఫోన్‌లో గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఆ నష్టానికి దినారు రేటు లేదు గానీ, లెక్క పుస్తకంలో ఒక గీత దానికీ ఉండాలి. పదో తరగతి పాసు కాని ఆడవాళ్లు ముప్పై ఏళ్లు నిండకుండా గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోకూడదని మన ప్రభుత్వం పెట్టిన నిబంధనను పుట్టిన తేదీ మార్చి దాటించే ఏజెంట్లున్నారు. అలా పోయినావిడ అక్కడ ఆపదలో పడితే ఆమె కాగితాలే ఆమెకు అడ్డం వస్తాయి.

"గది ఫ్రీ" అన్న మాటకూ ధర ఉంటుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనానికి నిప్పంటుకుంది. చనిపోయినవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో మన ఆంధ్రవాళ్లూ ఉన్నారు. కిక్కిరిసిన గదులు, పొగ బయటికి పోలేని కట్టడం. ఆ గదులన్నీ ఒప్పందంలో ఉచిత వసతే. ఏజెంటు "అకామడేషన్ ఫ్రీ అన్నా" అన్నప్పుడు ఒక గదిలో ఎంతమంది, కిటికీ ఉందా అని అడగడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

ఇది కొత్త బేరం కూడా కాదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు చేరినప్పుడు అందులో తెలుగు కూలీలున్నారు. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, అంటే అప్పటి అయిదు రూపాయలు. తిండి, గది యజమానివి. నూటా అరవై ఏళ్ల తర్వాత కువైట్ ఒప్పందంలో కూడా అవే మూడు మాటలు. అప్పుడు ఓడ ఖర్చు పిలిపించుకున్నవాడు పెట్టుకునేవాడు. ఇప్పుడు కూలీయే పెట్టుకుంటున్నాడు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

అనంతపురం జేఎన్‌టీయూలోనో బెంగళూరులోనో చదివి అమెరికా, బ్రిటన్, జర్మనీ వైపు చూసే పిల్లలకు లెక్క వేరు, పొరపాటు మాత్రం ఒకటే. డాలరును మార్కెట్ రేటుతో గుణించి జీతం కోట్లలో చెప్పుకుంటారు. 2017 సంవత్సరానికి వేసిన అంతర్జాతీయ ధరల పోలికలో డాలరు మారకం 65.12 రూపాయలు. కానీ అమెరికాలో ఒక డాలరు కొనిపెట్టేదాన్ని ఇక్కడ కొనడానికి 20.65 రూపాయలు చాలని తేలింది. కాబట్టి అక్కడే ఖర్చయ్యే ప్రతి డాలరుకూ రెండో అంకె, మిగిలి ఇంటికొచ్చే డాలరుకే మొదటి అంకె వాడాలి. గల్ఫ్ కార్మికుడు కడుపు కట్టుకుని దాదాపు అంతా పంపుతాడు కాబట్టి అతనికి మారకం రేటు పనిచేస్తుంది. భార్యతో, బిడ్డతో, అద్దె ఇంట్లో, కారు వాయిదాతో బతికే ఇంజనీరుకు జీతంలో పెద్ద ముక్క రెండో అంకె కిందికే పోతుంది. ఇద్దరి అమ్మలూ పెళ్లిలో కలిసి జీతాలు చెప్పుకుంటారు గనుక తేడా ఎవరికీ తెలియదు.

అమెరికాలో జీతం నుంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోస్తారు. లక్ష డాలర్ల జీతానికి 7,650 డాలర్లు. భారత్‌తో అమెరికాకు సామాజిక భద్రత ఒప్పందం లేదు. పదేళ్లు కట్టకుండా తిరిగొచ్చినవాళ్లకు ఆ పింఛను రాదు. బ్రిటన్‌కు పోయేవాళ్లు వైద్య సేవకని ఏడాదికి మనిషికి 1,035 పౌండ్లు వీసాతో పాటే ముందుగా కట్టాలి. భార్యాభర్తలు మూడేళ్లకు పోతే 6,210 పౌండ్లు, ఏడు లక్షల రూపాయల పైమాటే. మొదటి జీతం రాకముందే. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు, పంచాలి కూడా. ఆ సాయంత్రమే ఈ అంకెలు కూడా ముందు పెట్టుకోవాలి.

మళ్లీ గల్ఫ్‌కే వస్తే, ఒప్పందంలో ఒక చిన్న మాట ఏళ్ల తరబడి డబ్బు తింటుంది. యూఏఈలో పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం మీదే లెక్కేస్తారు. మొత్తం జీతం 2,000 దిర్హాములైనా అందులో బేసిక్ 800 అని రాసుంటే గ్రాట్యుటీ ఆ 800 మీదే. ఏజెంటు నోటితో చెప్పేది మొత్తం, కాగితం మీద రాసేది బేసిక్. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు పని చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చివర్లో ఇవ్వాలని చట్టం. తిరిగొచ్చేటప్పుడు అడిగి తీసుకునేవాళ్లు తక్కువ.

రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2023-24లో విదేశాల్లోని మనవాళ్లు దేశానికి పంపిన డబ్బు సుమారు 11,870 కోట్ల డాలర్లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. ఇంత డబ్బు ఇంటికి తెచ్చే మనుషులకు బయల్దేరే ముందు ఊళ్లో దొరికే సలహా ఏజెంటుదే. పదో తరగతి పాసు కానివాళ్లకు వలస అనుమతి తప్పనిసరి. ఆ దారిలో పోతే 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది, దాని ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలే. విజిట్ వీసా మీద పోయినవాడికి అది లేదు. హైదరాబాద్‌లో వలస సంరక్షణ కార్యాలయం ఉంది, రాష్ట్రానికి ఓమ్‌క్యాప్ అనే సంస్థ ఉంది, ఏజెంటుకు లైసెన్సుందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కణేకల్ కుర్రాడికి ఇవేవీ తెలియవు, తెలిపే మనిషి లేడు.

నేను కోరేది పెద్ద పథకం కాదు. గ్రామ సచివాలయంలో ఒక గోడ మీద లైసెన్సున్న ఏజెంట్ల జాబితా, 30,000 రూపాయల గరిష్ఠ రుసుము, ఒక్కో దేశం కనీస వేతనం, ఆ వారం దినారు, రియాల్, దిర్హామ్ రేట్లు రాసి పెట్టాలి. పోయే మనిషిని, అతని భార్యను ఇద్దర్నీ కూర్చోబెట్టి జీతం, అక్కడి ఖర్చు, ఇంటి ఖర్చు, అప్పు, వడ్డీ ఒక కాగితం మీద వేసి చూపే ఉద్యోగి ఒకరుండాలి. అరగంట పని. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, అతను ఎక్కడున్నా రెండో తేదీన సావుకారు వచ్చి నిలబడేది ఆమె గుమ్మంలోనే. ఆ అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో అతనికంటే ముందు తెలియాల్సింది ఆమెకే.